మా రింగు ఎక్కడుందో కనుక్కోండి సార్: క్రీడల మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి, తిరుపతి నుంచి ఒక జిరాక్స్ షాపువాడు నమస్కరించి రాసుకునేది.

అయ్యా, మా పేట బాస్కెట్‌బాల్ కోర్టు రింగు గురించి ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగూ సోమవారం గ్రీవెన్స్‌లో క్యూలో నిలబడి, రసీదు తీసుకుని ఇచ్చినవే. షాపు నాదే కాబట్టి కాపీలకు డబ్బు కాలేదు. బయట తీయించుకుని ఉంటే ఆ ఖర్చుతో ఈపాటికి కొత్త రింగే వచ్చేదేమో.

ఇటు ముగ్గురు, అటు ముగ్గురు ఆడే త్రీ ఆన్ త్రీ బాస్కెట్‌బాల్ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. ఆమధ్య ఒక సభలో పెద్దలు మైకు పట్టుకుని, తిరుపతి పేరుతో కూడా ఒక టీమ్ వరల్డ్ టూర్‌కు, అంటే ఈ ఆట అంతర్జాతీయ పోటీలకు వెళ్ళాలన్నారు. మా పిల్లలు చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టారు. ఆ సభ అయిన పది రోజులకే మా పేట కోర్టులో రింగు వెల్డింగుకని ఊడదీసి, ఆటోలో వేసుకుని పోయారు. పద్నాలుగు నెలలైంది. వెల్డింగు ఇంకా అవుతూనే ఉన్నట్టుంది.

రెండో అర్జీ ఇచ్చిన వారానికి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైందని. షట్టరు సగం దించి కోర్టుకు పరిగెత్తాను. బోర్డు ఉంది, నాలుగు బోల్టు రంధ్రాలున్నాయి, వాటికింద తుప్పు కారిన చారలున్నాయి. రింగు లేదు. ఆఫీసులో అడిగితే కంప్యూటర్‌లో ఫోటో చూపించారు. నెట్టుతో సహా మెరిసిపోతున్న రింగు! కాకపోతే అది మా కోర్టు కాదు. మా కోర్టు వెనక వేపచెట్టు ఉంటుంది సార్, ఆ ఫోటోలో కొబ్బరిచెట్లున్నాయి.

పిల్లలు ఆట మానలేదు. బోర్డు మీద సుద్దముక్కతో గుండ్రంగా గీసుకుని దానికేసి కొడుతున్నారు. గీతకు తగిలితే పడ్డట్టా కాదా అని రోజూ గొడవే. వాన పడితే గీత పోతుంది, మళ్ళీ ఒకడు ఇంకొకడి భుజాలెక్కి గీయాలి. ఏడో తరగతి చదివే అమ్మాయి ఒకతె నన్నడిగింది, "అన్నా, నిజం రింగులో వేస్తే బంతి కిందకి దిగేటప్పుడు సౌండ్ ఎలా ఉంటుంది?" అని. ఆ పిల్ల ఆటకొచ్చింది రింగు పోయాకే.

మేమడిగేది స్టేడియం కాదు. ఈ ఆటకు కావాల్సిందే సగం కోర్టు. 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు. పది నిమిషాల ఆట, లేదా ఎవరు ముందు 21 పాయింట్లు కొడితే వాళ్ళది. టీముకు నలుగురు, ఒకడు బయట. బంతి చేతికొచ్చాక పన్నెండు సెకన్లలో వేసేయాలి. మాకు షాట్ క్లాక్ లేదు, గట్టుమీద కూర్చున్నవాళ్ళు ఒకటీ రెండూ అని అరుస్తారు. ఆట జరుగుతుంటే కోచ్ కోర్టులో ఉండకూడదన్నది ఇంకో రూలు. అదొక్కటి మాత్రం పొల్లుపోకుండా పాటిస్తున్నాం, మాకు కోచ్‌ను ఇచ్చిందెప్పుడు?

2018లో హైదరాబాద్‌లో వరల్డ్ టూర్ మాస్టర్స్ జరిగినప్పుడు నారాయణాద్రి ఎక్కి వెళ్ళి చూసొచ్చాను. ఆ టూర్‌లో టీములు దేశం పేరుతో రావు, ఊరి పేరుతో వస్తాయి. నోవిసాద్, రీగా, ఆమ్‌స్టర్‌డామ్. సెర్బియాలో ఉబ్ అని ఒక ఊరుంది, దాని పేరుతోనూ టీమ్ ఉంది. ఆ ఊళ్ళో పదివేల మంది కూడా ఉండరు. గరుడసేవ నాడు మా వీధి మొగలో టీ బంకు దగ్గర అంతకన్నా ఎక్కువ జనం ఉంటారు.

మీరు గమనించాల్సింది ఇంకొకటుంది. ర్యాంకింగ్ ఆటగాడి పేరుమీదే ఉంటుంది. పన్నెండు నెలల్లో ఆడిన వాటిలో బాగా ఆడిన తొమ్మిది టోర్నమెంట్ల పాయింట్లు కలుపుతారు. ఫిబాలో, అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్యలో నమోదు చేయించుకుంటే గల్లీ టోర్నమెంటుకూ ఎంతో కొంత వస్తాయి. అందుకే సంక్రాంతికి చిత్తూరు, శ్రీకాళహస్తి, మదనపల్లె టీములను పిలుద్దామనుకున్నాం. పిలిచి ఏం చూపించమంటారు, సుద్దగీతా? ఫోన్లు చేసి వద్దని చెప్పేటప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. మదనపల్లె పిల్లలు అప్పటికే వ్యాను మాట్లాడుకున్నారు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆటలో జర్మనీ ఆడపిల్లలు గోల్డ్ తెచ్చుకున్నారని ఆ ఏడో తరగతి అమ్మాయే నాకు ఫోనులో చూపించింది. నాకేం చెప్పాలో తెలియక, చార్జింగ్ అయిపోతుంది ఇంటికి పో అన్నాను.

దయచేసి రింగు ఇప్పించండి. వెల్డింగు కాకపోయినా పర్లేదు, విరిగింది విరిగినట్టే ఇప్పించండి. మా సందులోనే వెల్డింగు షాపుంది, అతను డబ్బు వద్దన్నాడు. బోల్టులు నేను కొనిపెట్టాను, నాలుగు, గల్లాపెట్టెలో ఉన్నాయి. రింగు ఏ గోడౌన్లో ఉందో చెప్తే చాలు, మేమే వచ్చి మోసుకుపోతాం. మీకు ఆటో ఖర్చు కూడా ఉండదు. ఇంకో మెసేజ్ మాత్రం పంపించకండి సార్.

ఇట్లు,
తమ విధేయుడు,
పాత అర్జీల రసీదులు నాలుగూ జతచేసిన జిరాక్స్ షాపువాడు, తిరుపతి