ఆ ఫోటోల పుస్తకం వెనక్కి తెచ్చివ్వండి: పిట్టల గైడ్ల గురించి మా దుకాణం నుంచి

తార్నాకలో మా పుస్తకాల దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం.

పోయిన చలికాలంలో మా దగ్గర పక్షుల ఫోటోల పుస్తకం ఒకటి 64 మంది కొన్నారు. గట్టి అట్ట, నిగనిగలాడే కాగితం, పేజీకో పెద్ద ఫోటో. చెరువు దగ్గరికి తీసుకెళ్లి పిట్టల్ని గుర్తుపట్టడానికి ఏది మంచిదని అడిగిన ప్రతివాళ్ల చేతిలో నేను అదే పెట్టాను. ఆ సలహా తప్పు. పుస్తకం చెడ్డదని కాదు, ఇంట్లో కూర్చుని చూసుకోవడానికి అందంగానే ఉంటుంది. మీరు అడిగిన పనికి మాత్రం అది పనికిరాదు. దాన్ని ఒక్కసారైనా చెరువుగట్టు మీద తెరిచి చూడకుండానే నేను మీకు అమ్మాను. అది తెచ్చిస్తే పూర్తి డబ్బు తిరిగి ఇస్తాను, లేదంటే ఆ డబ్బుకు వేరే గైడు, అంటే పిట్టల్ని గుర్తుపట్టడానికి వాడే పుస్తకం, తీసుకోవచ్చు. ఎలాగో చివర రాశాను. ముందు ఈ సంగతి నాకు ఎలా తెలిసొచ్చిందో చెప్పాలి.

జనవరిలో రామంతాపూర్ నుంచి ఒక రిటైరైన టీచరమ్మ, పదేళ్ల మనవరాలితో వచ్చారు. ముందు వారం ఇద్దరూ అమీన్‌పూర్ చెరువుకు వెళ్లొచ్చారట. పాప చేతిలో మా దగ్గర కొన్న పుస్తకం, దానితో పాటు ఒక రూళ్ల నోటుబుక్కు. నోటుబుక్కులో పెన్సిల్‌తో కొంగ బొమ్మ వేసింది. "అక్కా, గీ కొంగ బుక్కుల లేదు. కూసున్నప్పుడు మట్టి రంగుల ఉంటది, లేస్తే తెల్లగ అయితది. మరి నేను చూసింది ఏంది?" అని అడిగింది.

ఆ పాప చూసింది గుడ్డికొంగను. మన చెరువుల దగ్గర, వరి మళ్లల్లో, మురికి కాలువల పక్కన కూడా రోజూ కనిపించేదే. పుస్తకంలో అది లేకపోలేదు, ఉంది. కానీ ఆ ఫోటో వానాకాలంలో, గూడు కట్టే రోజుల్లో తీసింది. అప్పుడు దాని వీపు ముదురు ఎరుపులోకి తిరిగి, దాదాపు వంగపండు రంగులో ఉంటుంది. జనవరిలో అదే కొంగ గోధుమ రంగు గీతలతో ఎండుగడ్డిలో కలిసిపోతుంది. రెక్క విప్పగానే మాత్రం తెల్లటి తెలుపు. పాప రాసుకున్న ఆ ఒక్క వాక్యమే దాన్ని గుర్తుపట్టడానికి సరిపోతుంది. పుస్తకంలో ఆ మాట ఎక్కడా లేదు. చలికాలపు బొమ్మ లేదు, ఎగిరే బొమ్మ లేదు. పాప ఎంతో శ్రద్ధగా చూసి సరిగ్గా రాసుకుంటే, నేను అమ్మిన పుస్తకం తను తప్పు చూసిందేమో అన్న అనుమానం కలిగించింది. అది నన్ను చాలా బాధపెట్టింది.

తర్వాతి ఆదివారం నేనూ వాళ్లతో అమీన్‌పూర్ వెళ్లాను. దుకాణంలో ఉన్న నాలుగు రకాల గైడ్లూ సంచిలో వేసుకున్నాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు అది. చుట్టూ అపార్టుమెంట్లు లేచినా నీళ్లల్లో ఇంకా బుడుబుంగలు మునుగుతూ తేలుతూ ఉంటాయి, రాళ్ల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంటాయి. అప్పటి నుంచి దాదాపు ప్రతి ఆదివారం వెళ్తున్నాను. కొన్నిసార్లు ఉస్మానియా క్యాంపస్, ఒకసారి అనంతగిరి. ఈ పది నెలల్లో పుస్తకాల గురించి నాకు అర్థమైంది మీకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఫోటో అంటే ఒక పిట్ట, ఒక పూట, ఒక వెలుతురు. ఆకు నీడ పడితే పచ్చగా కనిపిస్తుంది, సాయంత్రపు ఎండ పడితే ఎర్రగా కనిపిస్తుంది. ఫోటోల బదులు బొమ్మలు గీసిన గైడ్లూ ఉన్నాయి. వాటిలో చిత్రకారుడు అలా చేయడు. ఆ జాతి పిట్టలు ఎన్నింటినో చూసి, అన్నింటిలో ఉండే గుర్తుల్ని ఒక బొమ్మలోకి తెస్తాడు. మగ, ఆడ, పిల్ల, గూడు కట్టే కాలపు రంగు, మామూలు రంగు, ఎగిరేటప్పుడు రెక్క, అన్నీ ఒకే భంగిమలో పక్కపక్కన వేస్తాడు కాబట్టి తేడా కంటికి ఆనుతుంది. 1934లో అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ వేసిన గైడు ఈ దారిని స్థిరపరిచింది. ఒకేలా కనిపించే పిట్టల్ని పక్కపక్కన పెట్టి, ఎక్కడ చూడాలో చిన్న గీతతో చూపించాడాయన. అన్ని ఫోటో పుస్తకాలూ పనికిరావని నేను అనను. ఒక్కో పిట్టకు నాలుగైదు ఫోటోలు ఇచ్చేవీ ఉన్నాయి. పేజీకి ఒకే ఫోటో ఉన్నదాన్ని మాత్రం గైడు అని ఇక అమ్మను.

ఇప్పుడు ఏ గైడు వచ్చినా అట్ట చూడను, ఎన్ని పిట్టలున్నాయో లెక్కపెట్టను. నేరుగా మూడు చోట్ల తెరుస్తాను. మొదటిది గుడ్డికొంగ, ఎందుకో చెప్పాను. రెండోది పాలపిట్ట. మన రాష్ట్ర పక్షి. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు అది చాలామంది అనుకున్నంత నీలంగా ఉండదు. రొమ్ము ఇటుకరంగు కలిసిన గోధుమ, వీపు మాసిన రంగు. ఎగిరితే మాత్రం రెక్కల్లో లేత నీలం, ముదురు నీలం పట్టీలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఎగిరే బొమ్మ లేని గైడు చేతిలో ఉంటే దసరా రోజు పాలపిట్ట తలమీద నుంచి పోయినా తెలియదు. (దసరా మాట వచ్చింది కాబట్టి ఒక మనవి. పంజరంలో పెట్టి చూపించే పాలపిట్టకు డబ్బులివ్వకండి. దాన్ని పట్టడమే నేరం. పండగ కోసం పట్టిన పిట్ట ఎంత నలిగిపోతుందో తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది. ఊరి బయట తీగల మీద వెతకండి, దొరుకుతుంది.)

మూడోది డేగ పేజీ. మన కాలనీ చెట్లలో తిరిగే చిన్న డేగను ఇంగ్లీషు పుస్తకాల్లో షిక్రా అంటారు. దానికి అచ్చుగుద్దినట్టుండే ఇంకో పిట్ట ఉంది, హాక్ కుకూ. అది డేగ కాదు, కోయిల కుటుంబానిది. రంగు, తోక మీది పట్టీలు, ఎగిరే తీరు కూడా డేగలాగే ఉంటాయి. ముక్కు చూడాలి: డేగకు కొక్కెంలా వంగి ఉంటుంది, దీనికి అలా ఉండదు. గైడ్లు కుటుంబాల వరుసలో ఉంటాయి కాబట్టి ఈ రెండూ ఎన్నో పేజీల దూరంలో పడతాయి. ఒకదాని దగ్గర రెండోదాన్ని గుర్తుచేసే మాట ఉందా లేదా అని చూస్తాను. ఆ మాట రాసినవాళ్లు నిజంగా చెట్టు కింద నిలబడి తికమకపడి ఉంటారని నా నమ్మకం.

మ్యాపు సంగతి కూడా చెప్పాలి. మా కస్టమర్ ఒకాయన ఇంటి దగ్గర కుచ్చుతల పికిలిపిట్టను చూసి, ఫోటో పోలికను బట్టి హిమాలయన్ బుల్బుల్ అని రాసుకున్నారు. అది పేరుకు తగ్గట్టే ఉత్తరాన కొండల వైపు ఉండేది. మన ఊళ్లో కుచ్చు ఉన్న పికిలిపిట్ట అంటే చెంప మీద ఎర్ర మచ్చ ఉండే రెడ్ విస్కర్డ్ బుల్బుల్. పిట్ట పక్కనే దేశం మ్యాపు, అందులో ఏడాదంతా ఉండే చోటు ఒక రంగులో, చలికాలంలో మాత్రమే వచ్చే చోటు ఇంకో రంగులో ఉంటే ఈ పొరపాటు జరగదు. మ్యాపులన్నీ పుస్తకం చివర కుప్పపోసినా లాభం లేదు. ఒక చేత్తో బైనాక్యులర్స్ పట్టుకుని ఎవరూ అంత వెనక్కి తిప్పలేరు.

ఇక ఏది కొనాలి? ఇప్పుడు మా బల్ల మీద ముందు వరసలో ఉన్నది రిచర్డ్ గ్రిమ్మెట్, కరోల్ ఇన్‌స్కిప్, టిమ్ ఇన్‌స్కిప్‌లు భారత ఉపఖండానికి రాసిన గైడు. 1998లో మొదట వచ్చింది, 2011లో రెండో కూర్పు. నా మూడు పరీక్షల్లోనూ నిలిచింది. కానీ ఒక్క మన దేశంలోనే 1,300కు పైగా పక్షి జాతులున్నాయి. ఉపఖండం మొత్తం ఒకే పుస్తకంలో చూసేసరికి కొత్తవాళ్లకు కళ్లు తిరుగుతాయి. దానికి నేను చేస్తున్నది ఇది: మీరు కొన్న ప్రతిలో మన హైదరాబాదు చుట్టుపక్కల మామూలుగా కనిపించే పిట్టల పేజీలకు రంగు కాగితపు ముక్కలు అంటించి ఇస్తున్నాను. డబ్బులేమీ తీసుకోను. పావుగంట పని, టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ రాసిన, తాతగారి కాలంనాటి పుస్తకం ఇంట్లో ఉంది, అది పనికొస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. తప్పకుండా పనికొస్తుంది, ఎవరికీ ఇచ్చేయకండి. ఆ పుస్తకం మొదట 1941లో వచ్చింది. అంతకు పదేళ్ల ముందే, 1931-32లో, ఆయన నిజాం రాజ్యమంతా తిరిగి ఇక్కడి పక్షుల సర్వే చేశారు. మన నేల మీద నడిచి నేర్చుకున్న మనిషి కాబట్టి పిట్ట నడక, అరుపు, అలవాటు ఆయన రాస్తే కళ్లకు కడుతుంది. ఇబ్బంది పేర్లతోనే. పాత పుస్తకాల్లో క్రో ఫెజెంట్ అంటే మన జెముడుకాకి, ఇప్పుడు గ్రేటర్ కౌకల్ అంటున్నారు. కింగ్ క్రో ఇప్పుడు బ్లాక్ డ్రోంగో, మన పసులపోలిగాడు. పాలపిట్టను బ్లూ జే అనేవాళ్లు. పాత పుస్తకం చదవడానికి, కొత్తది చెరువు దగ్గరికి: నేను అలాగే వాడుతున్నాను.

తెలుగు పేర్ల కోసం ఒక పని మొదలుపెట్టాం. దుకాణానికి వచ్చే పెద్దవాళ్లను అడిగి, ఏ ఊరివాళ్లు ఏ పిట్టను ఏమంటారో ఒక కాగితం మీద రాస్తున్నాను. ఇప్పటికి 58 పేర్లు చేరాయి. లకుముకి, తీతువు, గిజిగాడు, కౌజు, పూరేడు, కుకుడుగువ్వ, పైడికంటి. ఒకే పిట్టకు నల్లగొండలో ఒక పేరు, నిజామాబాదులో ఇంకో పేరు ఉంటే రెండూ రాస్తున్నాను. ఆ కాగితం గైడుతో పాటు ఉచితం. ఇది సరదాకు చేస్తున్నది కాదు. కలివికోడి సంగతి గుర్తు తెచ్చుకోండి. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు లోకానికి చెప్పిన ఆ పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దొరకడానికి సాయపడింది దాన్ని ఎరిగిన అక్కడి ఊరివాళ్లు. పేరు బతికి ఉన్న చోట పిట్టను వెతకడానికి ఒక దారి ఉంటుంది.

ఫోన్లో మెర్లిన్ యాప్ ఉండగా పుస్తకం దేనికి అని కాలేజీ పిల్లలు అడుగుతారు. మెర్లిన్ మంచిది, ఉచితం. కూత వింటూనే పేరు చెబుతుంది. మీ ఫోన్లో ఇండియా ప్యాక్ వేసుకోవడం రాకపోతే మా దుకాణంలో వేసిస్తాం, పుస్తకం కొనక్కర్లేదు. నేనూ వాడతాను. కానీ యాప్ చెప్పిన పేరు సరైనదో కాదో తేల్చుకోవాలంటే దాని పోలికలున్న మిగతా పిట్టలు ఒకేచోట కనిపించాలి. గైడులో పేజీ తెరిస్తే అవన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. నీటి అంచున తోక ఊపుతూ పరుగెత్తే వాగ్‌టెయిల్స్‌ను నేను అలాగే నేర్చుకున్నాను: ఏడాదంతా ఇక్కడే ఉండేది ఒకటి, చలికాలానికి వచ్చేవి కొన్ని. ఒకే పేజీలో చూశాక ఇక తికమక పడలేదు.

ఇప్పుడు స్టాక్ సంగతి. గ్రిమ్మెట్ గైడు మా దగ్గర రెండు ప్రతులే మిగిలాయి. పోయిన నెల ఒక కొత్త సరఫరాదారు తక్కువ ధరకు 30 ప్రతులు పంపాడు. తెరిచి చూస్తే రామచిలుక ఆకుపచ్చ బురదరంగులో ఉంది, మ్యాపుల్లో రంగులు ఒకదాని మీదికి ఒకటి జరిగాయి. అవి దొంగ ప్రతులని నా అనుమానం. కట్ట కట్టి వెనక్కి పంపేశాను, ఒక్కటీ అమ్మలేదు. అందుకే నవంబర్ రెండో వారం దాకా ఆగమంటున్నాను. తొందరైతే వేరే దుకాణంలో కొనుక్కోండి, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదా దొరకొచ్చు. కొనేముందు రామచిలుక పేజీ, మ్యాపులు తెరిచి చూడటం మాత్రం మరవకండి. 2011 కూర్పో కాదో కూడా చూసుకోండి.

అసలు ఇప్పటిదాకా పిట్టల్ని చూడటానికి వెళ్లనివాళ్లు ఏ గైడూ కొనకండి. ముందు రెండు ఆదివారాలు ఏదో ఒక చెరువు దగ్గర గంటసేపు కూర్చోండి. నా సొంత గైడు దుకాణంలో అరువుకు పెట్టాను, పేరు రాసి తీసుకెళ్లండి, వారంలో తెచ్చివ్వండి. వలస పిట్టలు దిగుతున్న రోజులివి, ఇంతకన్నా మంచి సమయం లేదు.

ఫోటోల పుస్తకం వెనక్కి ఇవ్వడానికి బిల్లు అక్కర్లేదు, సంక్రాంతి దాకా ఎప్పుడైనా తేవచ్చు. అట్ట నలిగినా, పేజీలు తడిసినా అభ్యంతరం లేదు. అందులో మీరు చూసిన పిట్టల పక్కన తేదీలు రాసుకుని ఉంటే, ఇచ్చేముందు వాటిని కొత్తదాంట్లోకి ఎక్కించుకోండి. కిటికీ పక్కన కుర్చీ వేసి, పెన్సిలు చెక్కి ఉంచాను.