సీఆర్‌పీ అంకె పక్కన ఉన్నదీ చదవాలి

సంపాదకులకు నమస్కారం.

మోకాళ్ల మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లకు రిపోర్టులైతే ఫైలు నిండా ఇస్తున్నారు, వాటిని ఎలా చూసుకోవాలో చెప్పేవాళ్లే లేరు. నేను కర్నూలులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఈమధ్య మా ఎదురింటి వదిన కొడుకు రెండు కాగితాలు పట్టుకొని కంగారుగా వచ్చాడు. వాళ్లమ్మకు ఆపరేషన్ అయిన మూడో రోజు ఆసుపత్రి రిపోర్టులో సీఆర్‌పీ (ఒంట్లో గాయమో ఇన్ఫెక్షనో ఉంటే రక్తంలో పెరిగేది) 14.2. రెండు వారాలకు ఇక్కడి ల్యాబ్‌లో 38, పక్కన నల్లటి అక్షరాల్లో 'హై'. పద్నాలుగు ముప్పై ఎనిమిదయింది, చీము పట్టిందేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ కూడా తెచ్చిపెట్టుకున్నారు.

కళ్లద్దాలు పెట్టుకొని చూస్తే మొదటిది డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంది, రెండోది లీటరుకు. డెసిలీటరంటే లీటరులో పదో వంతు. అంటే లీటరు లెక్కన 142 నుంచి 38కి దిగింది! ఆ యూనిట్ మాత్రం చీమ తలకాయంత అచ్చులో ఉంది.

సీఆర్‌పీ లివర్ తయారుచేసే ప్రోటీన్. ఎముక కోసి లోహం బిగించాక అది పెరగకుండా ఎలా ఉంటుంది? రెండో మూడో రోజుకు బాగా పెరిగి, అంతా సవ్యంగా ఉంటే మూడు నుంచి ఆరు వారాల్లో మామూలుకు వస్తుంది. దాంతోపాటు చేసే ఇంకో రక్తపరీక్ష ఈఎస్ఆర్ నిదానం, నెలల తరబడి ఎక్కువగానే ఉండొచ్చు. దాని సంగతి నన్నడగండి. నిలువు గొట్టంలో రక్తం పోసి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూసే పరీక్ష అది. గొట్టం కాస్త వాలినా అంకె పెరుగుతుంది. ఆపరేషన్‌లో రక్తం పోయి హిమోగ్లోబిన్ తగ్గినా పెరుగుతుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లకు సీఆర్‌పీ, ఈఎస్ఆర్ రెండూ ముందునుంచే ఎక్కువుంటాయి కాబట్టి ఆపరేషన్‌కు ముందటి రిపోర్టు దాచుకోవడం మంచిది.

ల్యాబ్‌లవాళ్లు యూనిట్‌ను అంకె పక్కనే అంతే పెద్దగా అచ్చువేయాలి. ఆసుపత్రులు డిశ్చార్జి రోజున తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. తగ్గిన సీఆర్‌పీ మళ్లీ పెరిగినా, గాయం నుంచి రసి కారినా, జ్వరమొచ్చినా, తగ్గుతున్న నొప్పి ఎక్కువైనా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరకే రమ్మని అందులో రాయాలి. సీఆర్‌పీ మామూలుగా ఉన్నా ఈ లక్షణాలుంటే వెళ్లాల్సిందే. సొంతంగా యాంటీబయాటిక్ వేసుకోవద్దని మరీ పెద్ద అక్షరాల్లో ఉండాలి. డాక్టరుకు అనుమానమొస్తే కీలులోంచి సూదితో నీరు తీసి కల్చర్‌కు, అంటే క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు, పంపుతారు. అప్పటికే యాంటీబయాటిక్ పడి ఉంటే నిజంగా క్రిములున్నా పరీక్షలో దొరక్కపోవచ్చు.

వదిన వాళ్లు తెచ్చిన మాత్రల అట్ట ఇంకా విప్పలేదు. షాపులో తిరిగిచ్చేయమన్నాను, తీసుకుంటారో లేదో!

– రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
ఎన్.ఆర్.పేట, కర్నూలు