చిన్నాకి, ఆ గేమ్ సంగతి

చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నగారి మోకాలు నొప్పి తగ్గింది, మళ్ళీ మెట్లెక్కుతున్నారు, వద్దన్నా వినరు. బుజ్జి పరీక్షలు అయిపోయాయి. పిల్లాడి సెలవులు కలిసొస్తే అక్క వచ్చే నెల వస్తానంది. పెద్దత్తయ్య నీ గురించి అడిగితే బాగానే ఉన్నాడని చెప్పాను. చెప్పాక చాలాసేపు అదే ఆలోచన. బాగానే ఉన్నావా అని నిన్ను సరిగ్గా అడిగి ఎన్నాళ్ళయింది?

ఫోన్‌లో అడగచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు సగమే దొరుకుతావు. నేను మాట్లాడుతుంటే అవతల టిక్కుటిక్కుమని నీ చేతిలో ఉన్న ఆ వీడియో గేమ్ బటన్లు వినిపిస్తుంటాయి. నేనొకటి అడిగాక, కాసేపటికి "ఆఁ, తిన్నానమ్మా" అంటావు. పోయినసారి నేనడిగింది తిన్నావా అని కాదు, కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళావా అని. వెళ్ళావా?

సరే, అదలా ఉంచు. చిట్టి పిన్ని వాళ్ళు ఇల్లు మారారు. గాలీ వెలుతురూ బాగున్నాయట. సామాన్లు సర్దడానికి నేను రెండు పూటలు వెళ్ళాను. అక్కడే కిరణ్ వాళ్ళమ్మ కలిసింది. మాటల్లో మాటగా, "మీవాడు పొద్దుటి క్లాసులకి రావట్లేదట కదా, రాత్రి ఎప్పుడు మెలకువ వచ్చినా ఆ గేమ్ వెలుగు కనిపిస్తూనే ఉంటుందని మావాడు అంటున్నాడు" అంది. కిరణ్‌ని ఏమీ అనకు. ఆ పిల్లాడు చాడీ చెప్పలేదు, వాళ్ళమ్మ దగ్గర నీ గురించి బెంగపడ్డాడంతే. నేను విని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం టెన్షన్ పట్టుకుంది.

ఆ గేమ్ అంటే నాకు పగేమీ లేదు. మొన్న సెలవుల్లో బుజ్జిని పక్కన కూర్చోబెట్టుకుని, అది తప్పు చేసిన ప్రతిసారీ విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచి ఆడించావు. అంత ఓపిక నీకుందని అప్పుడే చూశాను, చాలా సంతోషం వేసింది. నా బాధ వేరే. అది చెప్పాలంటే మీ చిన్నాన్న సంగతి చెప్పాలి.

ఇప్పుడింత పద్ధతిగా ఉండే మనిషి, డిగ్రీ చదివేటప్పుడు బ్రిక్ గేమ్ చేతిలోంచి దింపేవాడు కాదు. బూడిదరంగు డబ్బా, అగ్గిపెట్టెంత తెర. పైనుంచి దిమ్మలు పడుతుంటే వరస నిండేలా పేర్చాలి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన కంప్యూటర్ మీద తయారుచేసిన టెట్రిస్సే అది. 1989లో గేమ్ బాయ్ అని చేత్తో పట్టుకుని ఆడే డబ్బా వచ్చాక జేబుల్లోకెక్కింది, ఆ తర్వాత చవక డబ్బాలు బోలెడు దిగాయి. ఇదంతా మీ చిన్నాన్నే చెప్పాడు, ఆ ఆట గురించి అడిగితే ఇప్పటికీ మొహం వెలిగిపోతుంది.

దానికి పెన్సిల్ సెల్స్ వేయాలి. అస్తమానం ఆడితే ఎన్నాళ్ళొస్తాయి? ముందు టీవీ రిమోట్‌లోవి మాయమయ్యాయి. పైగా ఆ తెరకి వెలుగు ఉండేది కాదు. రాత్రిళ్ళు దుప్పటి ముసుగేసుకుని టార్చి పెట్టుకుని ఆడేవాడు, దాంతో టార్చి సెల్స్ కూడా అయిపోయేవి. ఒకసారి తాతయ్య తెల్లవారుజాము బండికి వెళ్ళాలి. అలారం పెట్టుకుని పడుకున్నారు. అది మోగలేదు. లేచేసరికి ఎండ వచ్చేసింది. గడియారం వెనక మూత తీసి చూస్తే లోపల సెల్ లేదు. తాతయ్య ఒక్క మాట అనలేదు. ఆ గడియారాన్ని మూత తీసిన వైపు పైకి పెట్టి, మీ చిన్నాన్న మంచం పక్కన ఉంచి, బస్సు పట్టుకోడానికి వెళ్ళిపోయారు. అరిచిందంతా నాన్నమ్మే.

ఆ సాయంత్రం మీ చిన్నాన్న వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "వదినా, కళ్ళు మూసుకున్నా దిమ్మలు పడుతూనే ఉన్నాయి. ఈ ఒక్క ఆటతో ఆపేద్దామనుకుంటాను, ఆగలేకపోతున్నాను" అన్నాడు. అలా చెబుతున్నప్పుడు కూడా బొటనవేలు చూపుడువేలి మీద నొక్కుకుంటూనే ఉంది. డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, బీరువాలో పెట్టి తాళం వేయమన్నాడు. శనివారం సాయంత్రం అడిగి తీసుకునేవాడు, చీకటి పడగానే తిరిగిచ్చేవాడు. పరీక్షలు పాసయ్యాడు. తర్వాత్తర్వాత అడగడం కూడా మానేశాడు.

మరి అప్పుడు సెల్స్ అయిపోతే ఆట ఆగేది. దీపం తీసేస్తే ఆగేది. దిమ్మలు పడే వేగం పెరిగి పెరిగి చివరికి ఎంతవాడైనా ఓడిపోయేవాడు, అలాగైనా ఆగేది. నీ చేతిలో ఉన్నదానికి అవేమీ లేవు. దాని వెలుగు దానికే ఉంది, చార్జర్ పెట్టుకుని కూడా ఆడచ్చు, ఎక్కడ ఆపావో సరిగ్గా అక్కడే మళ్ళీ మొదలవుతుంది. రోజూ తెరిస్తే రోజుకో బహుమతి ఇచ్చే ఆటలు కూడా ఉన్నాయట, బుజ్జి చెప్పింది. ఆపాల్సింది నువ్వొక్కడివే, అదీ నిద్ర ముంచుకొచ్చే వేళప్పుడు. అది ఎవరికైనా కష్టమే నాన్నా. నీకు మనోబలం లేదని నేను అనుకోవడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇలా గేమ్‌లకి బానిసవ్వడాన్ని కూడా జబ్బుల పట్టికలో చేర్చింది. నీకుందని అనడం లేదు, ఆడేవాళ్ళలో చాలా కొద్దిమందికే అంతదాకా వెళ్తుందట. వాళ్ళు చూసేది మూడు. ఆపాలనుకున్నప్పుడు ఆపలేకపోవడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కనబడుతున్నా ఆడుతూనే ఉండడం. ఇవి మామూలుగా ఏడాది పాటు ఉంటేనే జబ్బంటారు. ఎన్ని గంటలు ఆడావన్న లెక్క అందులో లేదు. నేనూ గంటల సంగతి అడగను. ఆపాలనుకున్నప్పుడు ఆపగలుగుతున్నావా? అదొక్కటే నాకు చెప్పు.

నిద్ర చాలకపోతే చదివింది కూడా బుర్రలో నిలవదు. తెర వంక చూస్తుంటే రెప్పలు తక్కువ కొట్టుకుంటాయి, అందుకే నీ కళ్ళు మంటలు. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడు. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి వస్తోందా? వస్తే దాచకు. పడుకునేటప్పుడు దాన్ని దిండు కింద పెట్టకు, గది అవతలి మూల చార్జింగ్ పెట్టు. బుజ్జికి గంట లిమిట్ పెట్టే సెట్టింగ్ చూపించింది నువ్వే, అదేదో నీకూ పెట్టుకోవచ్చు. చెబుతూ పోతే ఇలా పెరుగుతూనే ఉంటుంది, ఇక్కడితో ఆపుతాను.

క్లాసులు పోయుంటే ఎన్ని పోయాయో దాచకుండా చెప్పు. కూర్చుని ఏం చేయాలో చూద్దాం. నాన్నగారికి నేనింకా ఏమీ చెప్పలేదు, ముందు నీ నోటినుంచి వినాలని. దాన్ని కొన్నాళ్ళు నా దగ్గర ఉంచమంటే ఉంచుతాను. వద్దంటే నీ దగ్గరే ఉంచుకో, లాక్కోను. అక్కతో మాట్లాడటం తేలికనిపిస్తే అక్కతోనే మాట్లాడు, నాకు కోపం రాదు.

కళ్ళజోడు పాత చీటీ నీ నల్లబ్యాగు లోపలి జేబులో ఉంది, డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళు. ఆదివారం పొద్దున పది దాటాక ఫోన్ చెయ్యి, నాన్నగారు బయటికెళ్తారు, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఆలోపు ఈ రాత్రికి త్వరగా పడుకో.

మీ అమ్మ