మొటిమల ఫేషియల్ ప్యాకేజీని ఎందుకు ఆపుతున్నానంటే

పటమటలోని మా పార్లర్‌కు వచ్చే వారందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మా ధరల పట్టికలో ‘మొటిమల ఫేషియల్, 6 సిటింగులు, 7,200 రూపాయలు’ అనే వరుస ఉండదు. మా ఆదాయంలో దాని వాటా చిన్నది కాదు. అయినా దానిని ఎందుకు తీసివేశానో, ఇకపై మొటిమలతో వచ్చేవారికి ఏమి చేయగలనో, ఏమి చేయలేనో దాచకుండా చెప్పవలసిన బాధ్యత నాపై ఉంది.

గత వేసవిలో ఒక అమ్మాయి నిశ్చితార్థానికి 10 రోజుల ముందు తల్లితో కలిసి మా దగ్గరకు వచ్చింది. బుగ్గల మీద, గడ్డం మీద ఎర్రగా సలుపుతున్న మొటిమలు ఉన్నాయి, కొన్నింటికి చీము కూడా పట్టింది. నేను శిక్షణలో నేర్చుకున్న పద్ధతిలోనే ఆవిరి పట్టి, మసాజ్ చేసి, మొటిమలను నొక్కి తీసి, ప్యాక్ వేసి పంపాను. రెండు రోజులకే ముఖం వాచింది. నిశ్చితార్థం నాటికి మేకప్ వేసినా ఆ మొటిమలు దాగలేదు, నొక్కిన చోటల్లా మిగిలిన నల్లమచ్చలు తగ్గడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. డబ్బు తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు, కాని ఆ రోజు ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తరువాత ఆ అమ్మాయికి వైద్యం చేసిన చర్మవైద్యురాలిని నేనే వెళ్లి కలిసి, నా తప్పు ఎక్కడుందో అడిగి తెలుసుకున్నాను.

మొటిమ అనేది ముఖం మీద మురికి పేరుకోవడం వల్ల వచ్చేది కాదు. హార్మోన్ల ప్రభావంతో చర్మంలోని నూనెగ్రంథులు ఎక్కువగా పనిచేయడం, రోమరంధ్రం లోపల మృతకణాలు అతుక్కుపోయి దారి మూసుకుపోవడం, ఆ లోపల క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అనే సూక్ష్మజీవి పెరగడం, చుట్టూ వాపు రావడం అనే నాలుగూ కలిసి మొటిమను తయారుచేస్తాయి. బ్లాక్‌హెడ్ మీద కనిపించే నలుపు కూడా మట్టి కాదు, గాలి తగలడం వల్ల నల్లబడిన పదార్థమే. ఇదంతా రోజూ లోపల జరిగే వ్యవహారం కాబట్టి, నెలకు ఒకసారి గంటసేపు పైన చేసే పని దానిని ఆపలేదు. పైగా వాచి ఉన్న మొటిమను నొక్కితే రంధ్రపు గోడ లోపలికి చిట్లి, అందులోని చీమూ నూనే చర్మం లోతుకు చేరి వాపు రెట్టింపవుతుంది. మనవంటి చామనఛాయ చర్మంలో వాపు తగ్గినా ఆ చోట నలుపు నెలల తరబడి నిలుస్తుంది, కొందరికి గుంట కూడా పడుతుంది.

అలాంటప్పుడు ఇన్నేళ్లుగా ఫేషియల్ బాగా పనిచేసిందని మీలో చాలామంది ఎందుకు చెప్పారన్న ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. మసాజ్ వల్ల రక్తప్రసరణ పెరిగి, క్రీముల తేమ పట్టి, ముఖం రెండు మూడు రోజులు నిగనిగలాడుతుంది. ఆ నిగారింపు నిజమే, కాని అది మొటిమలకు చికిత్స కాదు. మరొక కారణం కూడా ఉంది. మొటిమలు వాటంతట అవే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, మీరేమో అవి బాగా పెరిగినప్పుడే నా దగ్గరకు వస్తారు, ఆ తరువాత సహజంగా తగ్గినదానికి పేరు నాకు దక్కింది.

ఇంట్లో రోజూ వాడుకునే మందుల విషయం ఇందుకు భిన్నమైనది. అమెరికాలోని చర్మవైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలు మొటిమల్లోని సూక్ష్మజీవులను చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ పూతను, అడాపలీన్ వంటి రెటినాయిడ్ (విటమిన్ ఎ జాతి మందు) పూతలను గట్టిగా సిఫారసు చేశాయి, మొటిమలను నొక్కి తీయడం గురించి మాత్రం సిఫారసు చేయడానికి తగిన ఆధారాలు లేవన్నాయి. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం ఉంటే చాలు, 10 శాతం వాడితే మంట పెరుగుతుందే తప్ప ఫలితం అంతగా పెరగదు. అది తగిలిన తువ్వాలు, దిండు గలీబు రంగు వెలిసిపోతాయి కనుక తెల్లవాటిని వాడండి. 0.1 శాతం అడాపలీన్ జెల్‌ను వైద్యుల సలహాతోనే మొదలుపెట్టాలి. రాత్రిపూట శనగగింజంత తీసుకుని, మొటిమ మీద చుక్కలా కాకుండా ముఖమంతా పలుచగా రాయాలి, మొదట్లో రోజు విడిచి రోజు రాస్తే పొట్టు లేవడం తగ్గుతుంది. గర్భవతులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు దానిని వాడకూడదు. ఏ మందైనా ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారానికే విసిగి ఆపేసి మా పార్లర్‌కు వచ్చినవారు ఎందరో ఉన్నారు, వారికి ఓపిక పట్టమని చెప్పకుండా ప్యాకేజీ రాసిచ్చినందుకు నన్ను క్షమించండి.

అయితే ఇంట్లో చేసుకునేదంతా మేలు చేస్తుందని నా ఉద్దేశం కాదు. నిమ్మరసం రాసుకుని మన బెజవాడ ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్లు కమిలిపోతుంది, టూత్‌పేస్టు పూస్తే మంట మిగులుతుంది. నెత్తికి రాసిన నూనె నుదుటికి జారితే అక్కడ సన్నని గింజల్లాంటి మొటిమలు వస్తాయి, వైద్యులు దానికి పొమేడ్ యాక్నె అని పేరే పెట్టారు. బందరు రోడ్డు మీద బండి నడుపుతూ ముఖానికి చుట్టుకునే స్కార్ఫ్ చెమటతో తడిసి రోజంతా రాసుకుంటుంది కనుక దానిని రోజూ ఉతకండి. అన్నిటికంటే నన్ను భయపెట్టేవి స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీములు. వారంలోనే ముఖం తేటపడినట్లు కనిపిస్తుంది, ఆపిన వెంటనే ఎర్రబడి మొటిమలు విరుచుకుపడతాయి, నెలల తరబడి వాడితే చర్మం పలచబడి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. మీరు వాడుతున్న ట్యూబును మీతో తీసుకురండి, దాని మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే స్టెరాయిడ్ పేర్లలో ఏదైనా ఉంటే వెంటనే చర్మవైద్యులను కలవమని చెబుతాను. దానిని ఒక్కసారిగా ఆపడం కూడా వారి సలహా మీదే జరగాలి.

ఇకపై మా దగ్గర వాపు, చీము లేని బ్లాక్‌హెడ్స్‌ను మాత్రమే, ఆవిరి, మసాజ్ లేకుండా శుభ్రం చేస్తాము. దానికి 450 రూపాయలు, శుభకార్యానికి రెండు వారాల లోపు వస్తే అది కూడా చేయము. అడాపలీన్, ట్రెటినాయిన్ వంటి రెటినాయిడ్ పూతలు రాసుకుంటున్నవారికి ముఖం మీద వ్యాక్సింగ్ చేస్తే చర్మం లేచి రావచ్చు. తీవ్రమైన మొటిమలకు వైద్యులు రాసే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవారికి, ఆపి 6 నెలలు గడవనివారికి శరీరంలో ఎక్కడా వ్యాక్సింగ్ చేయము. కనుక మందుల సంగతి ముందే అడుగుతాము, దయచేసి దాచవద్దు. గడ్డలుగా లేచిన మొటిమలు ఉన్నవారు, ముఖం మీద గుంటలు పడుతున్నవారు, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్న అమ్మాయిలు, వీరందరినీ కుర్చీలో కూర్చోబెట్టకుండానే వైద్యుల దగ్గరకు పంపుతాను. ప్రైవేటు ఫీజు భారమైతే విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి.

ప్యాకేజీ కట్టి సిటింగులు మిగిలినవారికి ఒక్కొక్క సిటింగుకు 1,200 రూపాయల చొప్పున తిరిగి ఇస్తాము. కార్డు పోయినా ఫరవాలేదు, మీ పేరు, చేయించుకున్న తేదీలు మా పుస్తకంలో రాసి ఉన్నాయి. మంగళవారం తప్ప ఏ రోజైనా ఉదయం 10 గంటల తరువాత రండి, రాలేనివారు ఫోను చేస్తే ఆ రోజే మీ ఖాతాకు పంపుతాను.