తల్లులను తిట్టే ముందు ఐస్‌ప్యాకు ఊపి చూడండి

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో టీకాలకు తల్లులు రావడం లేదంటూ వార్త వేసి, తప్పంతా వాళ్ల నెత్తినే పెట్టారు. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు టీకా పెట్టె ఎలా బయలుదేరుతోందో ఎవరైనా చూశారా?

6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ ఒక్క సూదితో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే సూక్ష్మజీవి) జబ్బులు అయిదింటి నుంచీ బిడ్డకు కాపుదల. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. గడ్డకడితే పనికిరాదు. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన నాలుగు ఐస్‌ప్యాకులనూ రాళ్లలా ఉండగానే క్యారియర్‌లో (టీకా పెట్టెలో) సర్దేస్తే, వాటిని ఆనుకున్న సీసాలు గడ్డకడతాయి. ప్యాకులను బల్ల మీద పరిచి, పైన చెమ్మ పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా ఆగాలి. పొద్దున్నే బండి కదలాలన్న తొందరలో ఆ కాసేపూ ఎవరూ ఆగడం లేదు.

గడ్డకట్టి కరిగిన మందును ఊపి నిలబెడితే తెల్లటి నలుసులు గబగబా అడుక్కి దిగి, పైన తేట నీరు తేలుతుంది. సీసా మీది వీవీఎం గుర్తు వేడి తగిలితేనే మారుతుంది, చలికి మారదు. గుర్తు బాగానే ఉందని వేసేస్తే బిడ్డకు మిగిలేది సూది నొప్పే.

పదిమంది పిల్లలు పోగైతేనే సీసా తెరుస్తామని వెనక్కి పంపడం ఇంకో అన్యాయం. ఒక్క బిడ్డ వచ్చినా తెరవాలి. తెరిచిన తేదీ, సమయం సీసా మీద రాసి, సరైన చల్లదనంలో ఉంచితే పెంటావాలెంట్ 28 రోజులు వాడుకోవచ్చు. నాలుగు గంటల్లో పారేయాల్సినవి క్షయకు వేసే బీసీజీ, తట్టు-రుబెల్లాలకు వేసే ఎంఆర్. ఈ తేడా చెప్పి నేర్పించాల్సిన పైవాళ్లకే పట్టకపోతే ఊళ్లో సూదులు వేసే ఏఎన్ఎంలను అని ఏం లాభం? కాన్పుకు పుట్టింటికొచ్చిన పిల్లను ‘మీ అత్తారి ఊళ్లో వేయించుకో’ అంటున్నారు. కార్డు ఏ ఊరిదైనా సూది వేయాల్సిందే.

సూది వేశాక అరగంట కూర్చోబెట్టి, జ్వరం రావచ్చు, తొడ వాచవచ్చు, పారాసిటమాల్ ఎంత వేయాలో ఇదీ అని చెబితే ఆ తల్లి రెండో డోసుకు తానే వస్తుంది. చెప్పకుండా పంపితే రాత్రి బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే హడలిపోదా?

సమీక్షల్లో అధికారులు శాతాలే అడుగుతున్నారు. గడ్డకట్టిన మందు వేసినా శాతం పెరుగుతుంది. టీకాలు వేసే ఒక్క బుధవారం ఉదయం, చెప్పకుండా ఏదో ఒక పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వెళ్లి, క్యారియర్ మూత తీసి ఐస్‌ప్యాకును ఊపి చూడమనండి.

— ఒక పాఠకుడు, రాజాం, విజయనగరం జిల్లా