రామప్ప గుడి చూపిస్తున్నారు, చెరువు కూడా చూపించండి

రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారం.

దసరా సెలవుల్లో హైదరాబాద్ నుంచి మా తమ్ముడి పిల్లలు వస్తే హన్మకొండ నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేటకు తీసుకెళ్లాను. వెంట మా మేనమామ కూడా వచ్చారు. ఆయన మా ఊరి చెరువుకు నీరటిగా, అంటే పొలాలకు నీళ్లు వదిలేవాడిగా పనిచేసిన మనిషి.

గుడిలో గైడ్ బాగానే చెప్పాడు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించడం, నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం లేపడం, పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద ఇంత బరువు నిలబెట్టడం, 2021లో యునెస్కో గుర్తింపు రావడం, అన్నీ చెప్పాడు. లోపల నేల ఎత్తుపల్లాలుగా కుంగి ఉంటే మా చిన్నోడు చెప్పులు లేని కాళ్లతో దాని మీద అటూ ఇటూ నడిచి, "పెద్దనాన్నా, ఇది ఊగిందా?" అన్నాడు. ఊగింది, కానీ పడలేదు అని చెప్పాను. గంటన్నరలో అంతా అయిపోయింది. మాతో పాటు చూసినవాళ్లు బస్సెక్కేశారు.

"చెరువు చూడకుండనే పోతమా?" అన్నారు మామ.

అదే రుద్రుడు తవ్వించిన చెరువు, గుడికి కూతవేటు దూరం. కట్ట మీద కూర్చుని మామ తూము, అంటే చెరువు నీళ్లు కాలువకు వదిలే దారి, సంగతి ఎత్తుకున్నారు. పాత తూముల్లో కట్ట లోపలివైపు రాతి స్తంభాలుండేవట. వాటి మధ్య నుంచి దిగిన కర్రను పైకి లాగితే అడుగున రంధ్రానికి పెట్టిన బిరడా లేచి, నీళ్లు కట్ట కింది నుంచి కాలువలో పడతాయి. ఎంత లాగాలో నీరటికి చేతి లెక్క. ఇక చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి జానెడు ఎక్కువ ఎత్తు కట్టినా వానాకాలంలో కట్టకే ముప్పు, తక్కువైతే యాసంగి పంటకు నీళ్లుండవు. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. తేలే ఇటుకకు కూడా అంత నోరు తెరవలేదు, నిజం చెప్తున్నా.

ఆ మామ మాతో లేకపోతే మాకది ఒట్టి నీళ్ల మడుగే. మేం చూసినంతలో కట్ట మీద ఈ సంగతులు చెప్పే బోర్డు కనపడలేదు, మనిషీ లేడు. బోటింగ్ లాంటివి పెంచితే జనం వస్తారని మీకు ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. పెంచండి, వద్దనను. కానీ ముందు కట్టను అడ్డంగా కోసినట్టు ఒక బొమ్మ గీయించి తూము దగ్గర నిలబెట్టండి. చుట్టుపక్కల ఊళ్లలో నీరటి పని చేసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. సెలవు రోజుల్లో వాళ్లకు కూలి గిట్టేలా ఇచ్చి కట్ట మీద కూర్చోబెట్టండి. పాకాల చెరువును కూడా ఇదే టూర్‌లో కలపండి. జగదాళ ముమ్మడి కొండల మధ్య కట్ట వేసి నిలిపిన ఆ నీళ్లు మున్నేరు మీదుగా కృష్ణకు పోతాయి, రామప్ప నీళ్లు గోదావరి వైపు. రెండూ కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం పనులే.

సంక్రాంతికి పిల్లలు మళ్లీ వస్తారు. పాకాల చూపిస్తానని మాటిచ్చాను. మామ మోకాళ్ల నొప్పులతో ఈసారి రాలేనంటున్నారు. అక్కడ తూము దగ్గర చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటారా అండీ?

ఇట్లు,
హన్మకొండ వాసి