అమ్ములుకు, చదవబోయే పుస్తకాల గురించి

ఓక్లాండ్, కాలిఫోర్నియా,
ఏప్రిల్ 20.

చిరంజీవి అమ్ములుకు మీ మేనత్త ఆశీర్వదించి రాయు ఉత్తరం. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరందరూ, ముఖ్యంగా తాతయ్యా నాయనమ్మా, క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఒంగోలులో అప్పుడే ఎండలు ముదిరాయని మీ నాన్న చెప్పాడు. మధ్యాహ్నం పూట బయట తిరగకు.

మొన్న ఆదివారం ఫోనులో నువ్వన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, ఇంటర్‌లో చేరేదాకా తీరికే, ఏదైనా కథల పుస్తకం చదవాలని ఉంది గాని నాలుగు పేజీలు దాటేసరికి చెయ్యి ఫోను మీదికి పోతోంది అన్నావు. ఆపైన గొంతు తగ్గించి, "తెలుగు చదవడం నాకు చాలా నెమ్మదత్తా, సిగ్గుగా ఉంటుంది" అన్నావు. అప్పుడు పక్కన అందరూ ఉన్నారు, తీరిగ్గా మాట్లాడడం కుదరలేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఆ సిగ్గు సంగతి. పదేళ్ళపాటు ఇంగ్లీషు మీడియంలో చదివించి, తెలుగును మార్కుల కోసం బట్టీ పట్టించిన తర్వాత, కథల పుస్తకం చేతికిస్తే ఒత్తుల దగ్గరా పొడుగు వాక్యాల దగ్గరా తడబడడం నీ తప్పు కాదు. నీకు తెలుగు రాకపోవడం కాదది, కంటికి అలవాటు లేకపోవడం. నువ్వు నాయనమ్మతో గంటల తరబడి మాట్లాడే తెలుగే ఆ పేజీలో ఉంది. చెవికి తెలిసిన మాటను కన్ను గుర్తుపట్టేదాకా ఓపిక పట్టాలి, అంతే. దానికి నాకు తెలిసిన మంచి ఉపాయం పైకి చదవడం, అదీ వినేవాళ్ళు ఒకరుంటే. ఆ వినే మనిషి ఎవరో తర్వాత చెబుతాను.

నేను నీ వయసులో ఉన్నప్పుడు కొండపి దగ్గర మన చేలో పొగాకు బ్యారన్, అంటే పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు, ఉండేది. నువ్వు పుట్టేనాటికే దాన్ని తీసేశారు. ఆకు కోసి, కర్రలకు అల్లి, లోపలికి ఎక్కించాక అయిదారు రోజులపాటు రాత్రింబవళ్ళు పొయ్యి ఆరకూడదు. వేడి మెట్టుమెట్టుగా పెరగాలి గాని కిందికి జారకూడదు. జారితే ఆకు రంగు చెడుతుంది, రంగు చెడితే వేలంలో ధర పడిపోతుంది. తాతయ్య రాత్రంతా పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోస్తూ, గంటకోసారి లేచి టార్చిలైటు వేసి ఉష్ణమాపకం చూసి వచ్చేవారు. ఆయనకు నిద్ర రాకుండా మాటలు చెప్పడానికి ఒక రాత్రి నేను తోడు వెళ్ళాను. బడిలో వ్యాసరచన పోటీకి బహుమతిగా ఇచ్చిన "కాంచనద్వీపం" వెంట తీసుకుపోయాను. స్టీవెన్సన్ అనే ఆయన ఇంగ్లీషులో రాసిన కథ అది, 1883లో పుస్తకంగా వచ్చింది. దాన్ని నండూరి రామమోహనరావు గారు తెలుగు చేశారు. మాటలు అయిపోయాక లాంతరు దగ్గరికి జరుపుకుని పైకి చదవడం మొదలుపెట్టాను.

కొత్తపట్నం తీరం తప్ప మరో సముద్రం చూడని మనిషి తాతయ్య. ఓడలో ఆపిల్ పళ్ళ పీపాలోకి దిగిన కుర్రవాడు, ఒంటికాలి వంటవాడు పన్నుతున్న కుట్రను లోపలి నుంచే వింటాడే, ఆ ఘట్టానికి వచ్చేసరికి ఆయన కట్టె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. గొంతు ఎండి నేను ఆగితే, "తర్వాత ఏమైంది?" అన్నారు. నేను చదివాను, ఆయన విన్నారు, పొయ్యిలో నిప్పు సన్నగిల్లింది. తెల్లవారి చూసుకుంటే వేడి జారి ఉంది. ఆ బ్యారన్ ఆకు మచ్చలు పడింది. ఆ ఏటి వేలంలో ఆ కట్టలకు వచ్చిన ధర తలచుకుంటే నాకు ఈనాటికీ కష్టంగా ఉంటుంది. అయినా ఇంట్లో ఎవరి ముందూ ఆయన నా పుస్తకాన్ని తప్పు పట్టలేదు. మర్నాటి రాత్రి పొయ్యికి ఇంకా దగ్గరగా జరిగి కూర్చుని, "చదవమ్మా" అన్నారు. ఆ పుస్తకం వల్ల నీకేం వచ్చింది, పరీక్షకు పనికొస్తుందా, నీతి ఏమిటి అని ఆయన ఏనాడూ అడగలేదు. ఆయన అడిగింది "తర్వాత ఏమైంది?" అనే. నేను చదువరినైతే అది ఆ ఒక్క ప్రశ్న వల్లే.

ఇక నీకు ఏ పుస్తకాలు? మొదట మహమ్మద్ ఖదీర్‌బాబు గారి "దర్గామిట్ట కథలు" తెచ్చుకో. ఆయన కావలిలో పెరిగిన మనిషి. పేద ముస్లిం ఇళ్ళలోని చిన్నతనం గురించి చిన్న చిన్న కథలుగా, మన వైపు మాటలోనే రాశారు. ఒక్కో కథ ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. ఒకటి చదివి పక్కన పెట్టి, రెండు రోజులాగి మరొకటి తీసినా తెగిపోయేది ఏమీ ఉండదు. కావలి స్టేషను నువ్వు రైల్లో ఎన్నిసార్లు దాటావో గుర్తు చేసుకుంటూ చదువు. బుడుగుతో మొదలుపెట్టమని నీకు చాలామంది చెబుతారు. ముళ్ళపూడి వెంకటరమణ గారి రాతా బాపు గారి బొమ్మలూ నాకు ప్రాణమే గాని, పిల్లవాడి ముద్దుపలుకుల్లో మాటలు విరిచి రాసిన పుస్తకం అది, ఒత్తుల దగ్గర తడబడే నీకు ఇప్పుడే వద్దు. ఆరు నెలలు పోయాక తీస్తే దాని రుచి నీకు బాగా తెలుస్తుంది.

తర్వాత "రైలుబడి". తెత్సుకో కురొయనాగి అనే జపాన్ ఆవిడ తన చిన్ననాటి బడి గురించి 1981లో రాసిన పుస్తకానికి తెలుగు అది. వీధిలో పోయే వాద్యగాళ్ళను తరగతి కిటికీలోంచి పిలుస్తోందని మొదటి బడివాళ్ళు ఆ పిల్లను పంపించేస్తారు. అప్పుడు తల్లి ఆమెను మరో బడికి తీసుకుపోతుంది. అక్కడ తరగతి గదులన్నీ పాత రైలు పెట్టెలు. హెడ్మాస్టరు కొబయాషి గారు కుర్చీ ఎదురుగా లాక్కుని, నీకు చెప్పాలనిపించిందంతా చెప్పు అంటారు. ఆ పిల్ల నాలుగు గంటలపాటు చెబుతూనే ఉంటుంది. ఆయన ఒక్కసారైనా ఆవులించకుండా వింటారు. నేను మొదటిసారి ఆ పేజీ చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. నువ్వు చదివిన బళ్ళలో నీ మాట నాలుగు నిమిషాలు విన్నవాళ్ళు ఉన్నారో లేదో నాకు తెలియదు. ఆ బడి 1945లో టోక్యో మీద పడిన బాంబులకు కాలిపోయింది. అది తెలిసి చదివినా పుస్తకంలోని సంతోషం తగ్గదు.

ఒకే రాత్రిలో చదివేయదగినది కావాలంటే కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు" ఉంది. పందులు కాసుకునే ఒక ముసలాయన, ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది ఇంటికి రాకపోతే దాన్ని వెతుక్కుంటూ చీకట్లో ఒంటరిగా అడవిలోకి పోతాడు. చిన్న నవల. అయితే మెత్తని పుస్తకం కాదు, నెత్తురు ఉంటుంది, దుఃఖమూ ఉంటుంది. నువ్వు భయపడతావని మీ అమ్మ అంటే, పదిహేనేళ్ళ పిల్ల తట్టుకోగలదని నేను చెప్పానని చెప్పు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు దొరికితే అవీ చదువు. అలాంటివి చదవడం చిన్నతనం అని ఎవరైనా అంటే వినిపించుకోకు. పేజీ తిప్పే అలవాటు వాటి దగ్గరే పడుతుంది. ఇంగ్లీషులో చదవాలనిపించిన రోజు ఆర్.కె. నారాయణ్ గారి "స్వామి అండ్ ఫ్రెండ్స్" తీసుకో, అది పరాయి ఇంగ్లీషులా ఉండదు.

స.వెం. రమేశ్ గారి "ప్రళయకావేరి కథలు" మాత్రం ఇప్పుడు కొని దాచుకో. ప్రళయకావేరి అంటే పులికాట్ సరస్సు పాత పేరు. ఆ సరస్సు నడిమి దీవుల బతుకును అక్కడి మాటలోనే రాశారు. ఆ మాటల్లో కొన్ని నాకే తెలియక తాతయ్యను ఫోనులో అడిగాను.

ఇంకొకటి నా కోసం చెబుతున్నాను. కనిగిరి నుంచి 1912లో చదువుకోసం ఈ కాలిఫోర్నియాకు వచ్చి, బ్రిటిష్ పాలనను కూలదోయాలని ఇక్కడి భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీలో చేరి, జైళ్ళ పాలైన దరిశి చెంచయ్య గారి ఆత్మకథ "నేనూ నా దేశం" ఉంది. ఆయన చదివిన బర్క్‌లీ మా ఇంటికి దగ్గరే. ఆ దారిన పోతున్నప్పుడల్లా మన కనిగిరి కుర్రవాడు ఓడ దిగి ఈ వీధుల్లో ఎలా నడిచాడో అనుకుంటాను. అది నీకు ఇంకో రెండేళ్ళకు నచ్చవచ్చు.

వీటిలో ఏదైనా యాభై పేజీల దాకా చదివి నచ్చకపోతే మొహమాటం లేకుండా మూసెయ్యి. ఇక్కడ మా వీధి చివరి గ్రంథాలయంలో నీ ఈడు పిల్లలకు వేరే గది ఉంది. మొన్న శనివారం ఒక పిల్ల నేల మీద కూర్చుని మూడు పుస్తకాలు కొద్దికొద్దిగా చదివి చూసి, రెండింటిని బల్ల మీదే వదిలి మూడోది పట్టుకుపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒంగోలు జిల్లా గ్రంథాలయంలో నువ్వూ అలా చెయ్యవచ్చు. మీ నాన్న కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాడు, కాబట్టి బెరుకు లేకుండా వెళ్ళి సభ్యత్వం తీసుకో. వీలైతే ఒక ఆదివారం మీ నాన్నను అడిగి వేటపాలెం సారస్వత నికేతనం చూసి రా. చీరాల దగ్గరే. 1918లో మొదలైన గ్రంథాలయం, దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. అక్కడి పాత బీరువాల ముందు నిలబడితే చాలు, చదవమని నేను వేరే చెప్పనక్కరలేదు.

ఈ నాలుగు వాక్యాలు మీ నాన్నకు చూపించు. తమ్ముడూ, అమ్ములు చదివిన పుస్తకం గురించి దాన్ని పరీక్ష చెయ్యకు. సారాంశం రాయమనకు. ఎన్ని పేజీలయ్యాయని లెక్క అడగకు. అడగాలనిపిస్తే మన నాన్న అడిగిందే అడుగు.

ఇక వినే మనిషి సంగతి. తాతయ్యకు ఇప్పుడు కళ్ళజోడు పెట్టినా అక్షరాలు ఆనడం లేదని, పేపరు కూడా మానేశారని మీ అమ్మ చెప్పింది. రాత్రి భోజనాలయ్యాక ఆయన మంచం దగ్గర కూర్చుని అరగంట పైకి చదువు. నువ్వు తడబడినా ఆయన తొందరపెట్టరు. "కాంచనద్వీపం" నాయనమ్మ ఇనప్పెట్టెలో, నా పట్టా కాగితాల కింద ఉంది. తాళం చెవి దేవుడి గూట్లో ఉంటుంది. ఆపిల్ పీపా ఘట్టం దగ్గర పేజీ అంచున నల్లటి వేలిముద్ర కనిపిస్తుంది. పొగాకు జిగురు అది, సబ్బుకు పోదు. ఆ పేజీకి చేరిన రోజు నాకు ఫోను చెయ్యి, ఇక్కడ ఏ వేళైనా ఫరవాలేదు. తాతయ్య ఏమన్నారో వినాలి.

ఇట్లు,
మీ మేనత్త